చెక్క చారలే సగం బొమ్మ

ఉడ్‌కట్ అంటే చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం; చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది. గళ్లు, త్రికోణాలు, గీతలతో ఉడ్‌కట్ చేద్దామనుకోగానే అందరూ ముందు స్కేలు తీస్తారు. నేనైతే ముందు చెక్కను చూడమంటాను. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1944లో చేసిన ఉడ్‌కట్ 'ట్లాలోక్' చూడండి. ఆయన చెక్కినవి సన్నటి తెల్ల గీతలు కొన్నే. వెనకాలంతా చెక్క చారలే. 1950ల్లో బ్రెజిల్‌లో లీజియా పాపే అనే కళాకారిణి చేసిన 'టెసెలారెస్' ఉడ్‌కట్లలో కూడా నల్లటి భాగాల్లో చారలు కనిపిస్తూనే ఉంటాయి.

టింబర్ డిపోకి వెళ్తే "కిటికీలకా మేడమ్, తలుపులకా?" అంటూ టేకు చూపిస్తారు. వద్దనండి. ప్యాకింగ్ పెట్టెలు విప్పిన పైన్ చెక్క చాలు, చవక కూడా. అందులో ఒక మెత్తటి చార, ఒక గట్టి చార పక్కపక్కనే ఉంటాయి. వడ్రంగితో చిత్రిక పట్టించి, వైర్ బ్రష్‌తో చారల వెంబడే రుద్దండి. మెత్తది అరిగి గట్టిది పైకి తేలుతుంది, ఇంకు దానికే అంటుతుంది. అడ్డంగా రుద్దితే అన్నీ గీరలే.

డిజైన్ కోసం ఇంటర్నెట్ వెతకడం దేనికి? హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గర పైగా వంశపు నవాబుల సమాధుల్లో జాలీలు, అంటే నక్షత్రాల్లాంటి డిజైన్లతో చిల్లులు చెక్కిన తెరలు, ఉన్నాయి. ఒక నక్షత్రంలో ఒక మూల తీసుకోండి, అంతే. జాలీ మొత్తం ఎక్కిస్తే చారలకు చోటుండదు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, గీసినదాన్ని అద్దంలో ఒకసారి చూసుకోండి.

అసలు పని చెక్కడంలోనే ఉంది. తెల్ల గీత కావాలంటే దానికి రెండు పక్కలా కట్టర్‌తో గాట్లు పెట్టాలి. రెండూ లోపల కలిసేలా బ్లేడును కాస్త వాల్చండి, మధ్య పోగు దానంతటదే లేచి వస్తుంది. లోతు రెండు మిల్లీమీటర్లు చాలు. చారల వెంబడి కోసేటప్పుడు గట్టి చార బ్లేడును తనవైపు లాక్కుంటుంది. స్టీలు స్కేలు ఆనించి, ఒకేసారి నొక్కకుండా మెల్లగా నాలుగైదుసార్లు లాగాలి. అడ్డంగా కోసేటప్పుడు, గాటు పెట్టకుండా ఉలి తోస్తే అంచు చిట్లిపోతుంది. మూలల దగ్గర కోత మూల నుంచే మొదలుపెట్టి బయటికి లాగండి, బ్లేడు గీత దాటి పోదు.

నాకు బాగా ఇష్టమైన కిటుకు ఒకటుంది. చెక్కను సరిగ్గా చదరంగా కోయించండి, మూలమట్టం పెట్టి చూసుకోండి. టేబుల్ మీద దాని చుట్టూ, కాగితం అంచులకూ టేపు గుర్తులు వేయండి. ముందు పసుపు ఇంకుతో ఒక అచ్చు. అది ఆరాక అదే చెక్కను పావు చుట్టు తిప్పి నలుపుతో మరో అచ్చు. నిలువు చారల మీద అడ్డం చారలు పడి పోచంపల్లి మగ్గం మీద నేసినట్టు వస్తుంది. పైసా ఖర్చు లేకుండా రెండో బ్లాక్ దొరికినట్టే!

ఇంకు పలచగా పూయండి. రోలర్ కింద చిటచిటమంటే చాలు, జిగటగా ఉంటే చారలు పూడిపోతాయి. మే నెల ఎండల్లో నీళ్ల ఇంకు కాగితం వేసేలోపే ఆరిపోతుంది, ఆయిల్ ఇంకు వాడండి. పలచటి నేపాలీ కాగితం పరిచి, స్టీలు చెంచా వీపుతో చారల దిశలోనే రుద్దండి. ఒక మూల ఎత్తి చూసి, నలుపు చాలకపోతే మళ్లీ దించి రుద్దొచ్చు. వానాకాలంలో అచ్చులు ఆరడానికి రోజులు పడుతుంది, ఒకదాని మీద ఒకటి పెట్టకండి. బ్లాక్‌ను మాత్రం వంటనూనె అద్దిన పాతగుడ్డతో వెంటనే తుడిచేయండి, నీళ్లు తగిలితే పైన్ వంకర పోతుంది.