బాక్స్ బాగుంది, టీవీ బాగుంది, బొమ్మ మాత్రం రాదు: పాత టీవీలతో హెచ్‌డీసీపీ తంటాలు

టీవీలో బొమ్మ పోగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టే ముందు ఒక్క సంగతి చూడండి. తెర మీద కనిపిస్తున్న మెసేజ్ ఎవరిది? టీవీదా, సెట్‌టాప్ బాక్స్‌దా? బాక్స్ రిమోట్‌లో మెనూ నొక్కండి. బాక్స్ మెనూ తెర మీదికొచ్చి, ఛానల్ దగ్గర మాత్రం నంబరుతో ఎర్రర్ చూపిస్తుంటే తప్పు గొడుగు (డిష్) దగ్గరో రీఛార్జ్ దగ్గరో ఉంది. జూలై వానల్లో వచ్చే సిగ్నల్ గొడవలన్నీ ఈ కోవవే, వాటి సంగతి ఇక్కడ అనవసరం. మెనూ కూడా రాక తెర నల్లగా ఉన్నా, టీవీ తన సొంత ‘నో సిగ్నల్’ తిప్పుతున్నా, హెచ్‌డీసీపీ (HDCP, కాపీ కాకుండా బొమ్మకు వేసే తాళం) అనే అక్షరాలున్న మెసేజ్ వచ్చినా గొడుగు జోలికి పోకండి. టెర్రస్ ఎక్కి డిష్ కదిపితే ఉన్న సిగ్నల్ కూడా పోతుంది, అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

మెనూ వచ్చి, ఎర్రర్ ఏమీ లేకుండా ఛానల్ మాత్రం నల్లగా ఉంటే? అక్కడే రెండో పరీక్ష కావాలి. అందరూ దాటేసేది ఇదే. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ (AV) వైరుతో బాక్స్‌ను టీవీకి కలిపి, టీవీలో ఏవీ ఇన్‌పుట్ పెట్టి చూడండి. ఆ వైరులో హెచ్‌డీసీపీ ఉండదు. అందులో ఛానల్ వచ్చిందంటే గొడుగు, కార్డు, రీఛార్జ్, ట్యూనర్ అన్నీ బాగున్నట్టే. తప్పు హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం రెండూ ఒకే కేబుల్‌లో తెచ్చే కనెక్షన్) దారిలోనే ఉంది. అయిదు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా బాక్స్ మార్పించుకుని, కొత్త బాక్స్‌తోనూ అదే నల్లతెర చూసేవాళ్ళు చాలామంది. మీ బాక్స్‌కి మూడు రంగుల సాకెట్లు లేక ఒకే సన్న రంధ్రం ఉంటే, బాక్స్‌తో పాటు వచ్చిన వైరే వాడండి. ఆ జాక్ మీద ఏ రింగు దేనికన్నది కంపెనీకో రకం. ఇంట్లో దొరికిన పాత కెమెరా వైరు పెడితే బొమ్మ బదులు గుయ్‌మనే శబ్దం వస్తుంది. ఏవీ సాకెట్ అసలే లేని బాక్స్ అయితే పక్కింటి కొత్త టీవీకి తగిలించి చూడండి.

తప్పు హెచ్‌డీఎంఐలో అని తేలాక, లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిసి ఉండాలి. హెచ్‌డీసీపీ ఇంటెల్ తయారుచేసిన కాపీ రక్షణ పద్ధతి. బాక్స్ బొమ్మను తాళం వేసి పంపుతుంది. టీవీ తన దగ్గరున్న కీతో నిరూపించుకుంటేనే ఆ తాళం తీయగలదు. ఈ నిరూపణ బొమ్మ వెళ్ళే వైర్లలో జరగదు. హెచ్‌డీఎంఐలో 15, 16 నంబరు పిన్నుల సన్నటి వైర్ల మీద జరుగుతుంది. టీవీ ఏ రిజల్యూషన్లు చూపించగలదో చెప్పే సమాచారం కూడా ఆ రెండింటి మీదే నడుస్తుంది. 18వ పిన్ను మీద బాక్స్ అయిదు వోల్టులు ఇస్తుంది. ‘నేను తగిలి ఉన్నాను’ అని టీవీ 19వ పిన్ను మీద చెబుతుంది. ఈ నాలుగు పిన్నులు గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

లక్షణం: నిన్న వచ్చింది, ఇవాళ నల్లతెర. కేబుల్ పీకి పెడితే వస్తుంది, నాలుగు రోజులకు మళ్ళీ పోతుంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. చూడగానే కేబుల్ లూజ్ అనిపిస్తుంది, కాదు. కొత్త కేబుల్ కొంటారు, వారం బాగుంటుంది, మళ్ళీ అదే కథ. ఆ తర్వాత ఇంకా ఖరీదైన కేబుల్.

చాలా పాత టీవీల్లో 19వ పిన్నును టీవీలోని తెలివైన చిప్ ఏదీ నడపదు. 18వ పిన్ను మీద బాక్స్ ఇచ్చిన అయిదు వోల్టులే ఒక రెసిస్టర్ గుండా 19కి తిరిగొస్తాయి. రిజల్యూషన్ల జాబితా ఉండే చిన్న మెమరీ చిప్ కూడా బాక్స్ ఇచ్చే ఆ కరెంటుతోనే పనిచేస్తుంది. అంటే టీవీ ఎర్రలైటు మీద నిద్రపోతున్నా, చివరికి ప్లగ్గు పీకి ఉన్నా, బాక్స్‌కి మాత్రం టీవీ ఉన్నట్టే కనిపిస్తుంది. బాక్స్ జాబితా చదువుకుంటుంది, అన్నీ బాగున్నాయనుకుని కీ అడుగుతుంది. కీకి జవాబివ్వాల్సిన చిప్ టీవీ ఆన్ అయితేగానీ లేవదు, కాబట్టి జవాబు రాదు. బాక్స్ కొన్నిసార్లు ప్రయత్నిస్తుంది. కొన్ని మోడళ్ళు అక్కడితో ఆగిపోయి, 19వ పిన్ను ఒకసారి పడి లేచేదాకా మళ్ళీ అడగవు. తర్వాత మీరు రిమోట్‌తో టీవీ ఆన్ చేస్తారు. పాత టీవీ 19వ పిన్నును కదిలించదు, అది ముందునుంచీ లేచే ఉంది కదా. టీవీ లేచిందన్న కబురు బాక్స్‌కి అందదు. రెండూ బాగానే ఉన్నాయి, రెండింటి మధ్యా మాటల్లేవు.

కేబుల్ పీకి పెడితే ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. పీకినప్పుడు 19వ పిన్ను పడింది, పెట్టినప్పుడు లేచింది, బాక్స్ మళ్ళీ కీ అడిగింది, ఈసారి టీవీ మెలకువగా ఉంది. కేబుల్ తప్పేమీ లేదు.

మన ఊళ్ళో దీనికి ఇంకో తోడు, ఇన్వర్టర్. చాలా ఇళ్ళలో వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్ ఒకే బోర్డులో ఉండి ఇన్వర్టర్ లైన్ మీద నడుస్తాయి. టీవీ మామూలు లైన్ మీద ఉంటుంది. ఏప్రిల్, మే గాలివానల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బాక్స్ వెలుగుతూనే ఉంటుంది, టీవీ ఆరిపోయి ఎర్రలైటు మీదికొస్తుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లోనూ తప్పదు. కరెంటు రాగానే బాక్స్ తనంతట తనే పూర్తిగా ఆన్ అవుతుంది, పాత టీవీ స్టాండ్‌బైలోనే ఆగుతుంది. అందుకే రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే సరిపోతుందన్న సలహా పనిచేయదు.

ఇదే కారణమా అని తేల్చుకోవడానికి కేబుల్ ముట్టుకోకండి. నల్లతెర ఉన్నప్పుడు టీవీని ఆన్‌లోనే ఉంచి, బాక్స్‌ను మాత్రం గోడ స్విచ్ దగ్గర ఆపి ఒక నిమిషం తర్వాత వేయండి. బొమ్మ వచ్చిందా? ఇప్పుడు తిరగేసి చేయండి. టీవీని రిమోట్‌తో ఆపి, బాక్స్‌ను ఆపి వేసి, అది పూర్తిగా బూట్ అయ్యేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆగి, అప్పుడు టీవీ ఆన్ చేయండి. నల్లతెర వచ్చిందా? రెండుసార్లు ఇలాగే జరిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ముందు టీవీ ఆన్ చేయండి, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి వెళ్ళండి, తెర మీద టీవీ తన ‘నో సిగ్నల్’ చూపించేదాకా లేదా పది పదిహేను సెకన్లు ఆగండి. తర్వాత బాక్స్ రిమోట్‌లో పవర్ బటన్ నొక్కి స్టాండ్‌బైకి పంపి, అయిదు సెకన్లాగి మళ్ళీ నొక్కండి. చాలా బాక్సులు స్టాండ్‌బైలో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌ను ఆపేస్తాయి, లేచినప్పుడు కీ మళ్ళీ మొదటినుంచి అడుగుతాయి. దానికీ రాకపోతే గోడ స్విచ్. రాత్రి పడుకునేటప్పుడు టీవీతో పాటు బాక్స్‌ను కూడా దాని రిమోట్‌తో ఆపే అలవాటు చేసుకుంటే సగం గొడవ ఉండదు. బాక్స్ ఇన్వర్టర్ మీద ఉంటే దానికి విడి స్విచ్ పెట్టించండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే టీవీ చూస్తుంటే ‘ముందు టీవీ, తర్వాత బాక్స్’ అని కాగితం మీద రాసి రిమోట్ వెనక అంటించండి. ఎవరూ లేనప్పుడు వాళ్ళు కుర్చీ వేసుకుని టీవీ వెనక చెయ్యి పెట్టి కేబుల్ పీకడం కంటే అది ఎంతో మేలు.

స్ప్లిటర్ (ఒక బాక్స్ బొమ్మను రెండు టీవీలకు పంచేది) ఉన్న ఇళ్ళలో ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది. హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో పాతదొకటి, బాక్స్ ఒక్కటే. బెడ్‌రూమ్ టీవీ రిమోట్‌తో ఆపి ఉన్నా 19వ పిన్ను లేచే ఉంటుంది. చవక స్ప్లిటర్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, దాని దగ్గర కీ రాకపోతే హాల్ టీవీకి కూడా బొమ్మ ఆపేస్తుంది. అందరూ హాల్ టీవీనే తిడతారు. బెడ్‌రూమ్ కేబుల్‌ను స్ప్లిటర్ దగ్గర పీకి చూడండి, హాల్లో బొమ్మ వచ్చేస్తే జవాబు దొరికినట్టే.

లక్షణం: ఛానల్ మార్చినప్పుడల్లా రెండు మూడు సెకన్లు నలుపు, ఒక్కోసారి తిరిగి రాదు

బాక్స్ రిజల్యూషన్ ‘ఆటో’లో ఉంది. ఎస్‌డీ ఛానల్‌కి 576, హెచ్‌డీకి 1080ఐ అంటూ మారుతుంటే మారిన ప్రతిసారీ కీ పరీక్ష కొత్తగా జరగాలి. సెట్టింగ్స్‌లో 1080ఐ అని స్థిరంగా పెట్టండి, పాత టీవీ తడబడితే 720పీ. 1366 × 768 ప్యానెల్ ఉన్న 32 అంగుళాల టీవీలో ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టం.

లక్షణం: రంగు రంగుల మంచు, లేదా రెండు మూడు సెకన్లకోసారి ఆరి వెలగడం

ఇది నిజంగానే కేబుల్. హెచ్‌డీసీపీ పాత వెర్షన్లో బాక్స్ 128 ఫ్రేములకోసారి టీవీ లెక్క సరిపోతోందా అని చూసుకుంటుంది. సెకనుకు 50 చొప్పున అది దాదాపు రెండున్నర సెకన్లు. లెక్క తప్పితే ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది, అదే ఆ మిణుకు. గులాబీ, ఆకుపచ్చ మంచు అంటే తాళం తీయని బొమ్మ తెర మీద పడుతోందన్నమాట. గోడకు బిగించిన టీవీ వెనక కేబుల్ గోడకు నొక్కుకుని వంగి ఉందేమో చూడండి. పోర్టుకీ కేబుల్‌కీ మధ్య ఎల్ ఆకారం అడాప్టర్ ఉంటే తీసేయండి. మీటరున్నర నుంచి రెండు మీటర్ల మామూలు కేబుల్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలోనో సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలోనో కొనేటప్పుడు బంగారు పూత అని ఎక్కువ ఇవ్వకండి. కీ పరీక్షకు పూతతో పనిలేదు.

లక్షణం: హెచ్‌డీఎంఐ 1లో ఎప్పటికీ రాదు, 2లో వస్తుంది

పోర్టు దెబ్బతింది. బాక్స్ రిజల్యూషన్ జాబితాలో 480, 576 తప్ప ఏమీ కనిపించకపోవడం కూడా ఇదే లక్షణం. రెండు పిన్నుల అడాప్టర్లున్న పరికరాల బాడీకి ఎర్త్ ఉండదు. అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ వల్ల అది మెయిన్స్‌లో సగం వోల్టేజీ దగ్గర తేలుతుంటుంది. డిష్ వైరు బిగించే గుండ్రటి కనెక్టర్ ముట్టుకుంటే చిమచిమలాడేది అందుకే. బాక్స్, టీవీ రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ దోపితే ఆ తేడా అంతా 15, 16 పిన్నుల్లోంచి పోవచ్చు. అందుకే కేబుల్ పెట్టేటప్పుడు రెండూ గోడ దగ్గర ఆపి ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. మే నెల పిడుగులకు టెర్రస్ మీద ఎర్త్ లేని గొడుగు ఉన్న ఇళ్ళలో డిష్ వైరు కూడా పీకి పెట్టండి. పాత టీవీల్లో పోర్టు పక్కన ఎనిమిది కాళ్ళ 24సీ02 మెమరీ పోతే మెకానిక్ మార్చి, అందులో ఆ టీవీ డేటా ఎక్కించగలడు. మెయిన్ ఐసీలో దెబ్బ తగిలితే ఇంకో పోర్టు వాడుకోవడమే.

మిగతావి అరుదు. మెయిన్ బోర్డు పోయి యూనివర్సల్ బోర్డు (చాలా టీవీలకు సరిపోయే బయటి బోర్డు) వేయించిన తర్వాతే గొడవ మొదలైతే, హెచ్‌డీసీపీ కీ లేని సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉండొచ్చు. వేసిన మెకానిక్‌నే సరైన ఫైల్ ఎక్కించమనండి. 4కే బాక్స్ అయితే 4కే ప్రసారానికి హెచ్‌డీసీపీ 2.2 అడుగుతుంది. పాత టీవీకి అది ఉండదు కాబట్టి బాక్స్‌ను 1080లో పెట్టండి. తొలినాళ్ళ కొన్ని 4కే టీవీల్లో ఒక్క పోర్టుకే 2.2 ఉంటుంది, పోర్టు పక్కనున్న అక్షరాలు చదవండి. మధ్యలో హోమ్ థియేటర్ ఉంటే తీసేసి బాక్స్‌ను నేరుగా టీవీకి పెట్టండి. ఏవీ వైరులో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బాక్స్‌కీ టీవీకీ మధ్య వీసీఆర్ ఉందన్నమాట, మాక్రోవిజన్ అనే పాత కాపీ రక్షణ పని అది, వీసీఆర్‌ను దాటించండి. శబ్దం బాగా వస్తూ బొమ్మ ఒక్కటే లేకపోతే అది సాధారణంగా హెచ్‌డీసీపీ కాదు. టార్చి వేసి తెరను పక్కనుంచి చూడండి, నీడలాగా బొమ్మ కదిలితే బ్యాక్‌లైట్ పోయింది.

డబ్బా టీవీకి కన్వర్టర్ కొనేవాళ్ళు హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది అడిగి తీసుకోండి, తిరగేసినది ఇంటికి తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. దానికి అయిదు వోల్టుల మొబైల్ ఛార్జర్ పెట్టాలి, పక్కనున్న చిన్న స్విచ్ పాల్ (PAL) వైపు ఉండాలి. లేకపోతే కొన్ని టీవీల్లో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. డీవీఐ మాత్రమే ఉన్న పాత కంప్యూటర్ మానిటర్‌కు హెచ్‌డీసీపీ లేకపోతే దానికి ఏ సెట్టింగూ లేదు, ఏ కేబులూ పనిచేయదు. బాక్స్‌కి ఏవీ అవుట్ ఉంటే ఏదైనా పాత టీవీకి అది వాడుకోండి, హెచ్‌డీ అంత స్పష్టంగా ఉండదు గానీ వార్తలకూ సీరియళ్ళకూ బాగానే సరిపోతుంది.