గ్రీన్ మ్యాట్ ముందు గ్రహాన్ని చూడాలంటే: సైఫై పైలట్‌లో నటించబోయేవారికి

స్క్రిప్టులో ఉన్నది ఇంతే: "నలుగురూ కిటికీ దగ్గరకు వస్తారు. గ్రహం విచ్చుకుంటుంది." మా పైలట్‌కి, అంటే సిరీస్‌ను అమ్మడానికి ముందుగా తీసే ఎపిసోడ్‌కి, మొదటిరోజు మొదటి షాట్ అది. ఎదురుగా గ్రీన్ మ్యాట్ (తర్వాత బొమ్మ కలపడానికి కట్టే పచ్చ తెర), దాని మీద అక్కడక్కడా టేపుతో అంటించిన ప్లస్ గుర్తులు. యాక్షన్ అనగానే నేను తలెత్తి పైకి చూశాను. నా పక్కనున్న పెద్దాయన ఎడమవైపు చూశారు. మూడో అమ్మాయి భయంతో ఒక అడుగు వెనక్కి వేసింది. నావికుడి వేషం వేసిన కుర్రాడు మురిసిపోతూ నిలబడిపోయాడు. ఎవరి మటుకు వాళ్ళం బాగానే చేశాం. మానిటర్‌లో చూస్తే మాత్రం నలుగురం నాలుగు గ్రహాలు చూస్తున్నాం.

18 ఏళ్ళు నాటకాలు, సీరియళ్ళు చేసి వచ్చినదాన్ని. లేనిదాన్ని ఉన్నట్టు చూడటం నాకు వచ్చనే అనుకున్నాను. ఖాళీ స్టేజి మీద సముద్రం ఉన్నట్టు చేశాం కదా అని. కానీ నాటకంలో ప్రేక్షకుడు తన సముద్రాన్ని తనే ఊహించుకుంటాడు. ఇక్కడ కొన్ని నెలల తర్వాత ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ గ్రహాన్ని ఒకే చోట, ఒకే సైజులో పెడతారు. మన చూపు సరిగ్గా అక్కడే ఉండాలి. అందుకే సైఫైలో ఊహ ఒక్కటే చాలదు, దానికి కొలతలు కావాలి. నేను నేర్చుకున్నదంతా ఈ కొలతల చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొలవండి, తర్వాత చూడండి

ఆ షాట్ ఆపి, వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్‌లో బొమ్మలు కలిపే పని) సూపర్‌వైజర్ ట్యాబ్‌లో బొమ్మ చూపించి, లేజర్ లైటుతో మ్యాట్ మీద గీత గీసినట్టు చూపించారు. గ్రహం అంచు మొదట నా ఎడమ భుజం ఎత్తులో కనబడుతుంది. అయిదు లెక్కపెట్టేసరికి నెత్తి మీదకు వస్తుంది. ఏడో అంకెకి దాని వెలుగు మా ముఖాల మీద పడుతుంది. అంతే, రెండో టేక్‌కి నలుగురి తలలూ ఒకే గీత మీద కదిలాయి. భయపడే అమ్మాయి భయపడింది, మురిసే కుర్రాడు మురిశాడు. ఆ తేడాలన్నీ ఇప్పుడు ఒకే గ్రహాన్ని చూసి కలిగినవి.

కాబట్టి ప్రతి వీఎఫ్ఎక్స్ షాట్‌కి ముందు అడగండి: అది ఎక్కడుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దది, ఎటు కదులుతుంది, ఎన్ని సెకన్లు, చప్పుడుందా. ఇవి వీఎఫ్ఎక్స్ వాళ్ళు చెప్పాల్సినవి. మరొకటి డైరెక్టర్‌నే అడగాలి: నా పాత్ర దీన్ని ఇంతకుముందు చూసిందా? పదోసారి చూస్తున్న మనిషికి నోరు తెరుచుకోదు. పైలట్‌లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ లోకంలో ఏది మామూలు, ఏది వింత అన్నది ఇంకా ఎవరూ తేల్చి ఉండరు. మీరు అడిగినందుకే తేలుతుంది. నేను అడిగితే డైరెక్టరూ రచయితా పక్కకు వెళ్ళి పావుగంట మాట్లాడుకుని వచ్చారు.

లుక్ కోసం, అంటే చూపు ఎటు ఉండాలో తెలియడానికి, కర్రకి టెన్నిస్ బంతి గుచ్చి పట్టుకుంటారు. అక్కడొక చిక్కుంది. బంతి ఆరడుగుల దూరంలో ఉంటుంది, మీరు చూస్తున్నట్టు చేసే ఓడ మైళ్ళ దూరంలో ఉంటుంది. దగ్గరి వస్తువును చూస్తే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, దూరానికి చూస్తే సమాంతరంగా ఉంటాయి. టైట్ క్లోజప్‌లో ఇది కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. బంతి దిక్కు తీసుకోండి కానీ బంతిని చూడకండి. దాన్ని దాటి అదే గీతలో వెనకున్న గోడనో, స్టూడియో తలుపునో చూడండి. అదే పెద్ద జంతువైతే, ఒకే బిందువును తదేకంగా చూడొద్దు. ఎవరూ పెద్ద శరీరాన్ని అలా చూడరు. కళ్ళు, నోరు, ముందరి కాలు అని మూడు చోట్లు అనుకుని, వాటి మధ్య చూపు తిప్పండి.

మ్యాట్ పచ్చగానే ఎందుకని అడిగాను, ఓపిగ్గా చెప్పారు. చాలా డిజిటల్ కెమెరాల సెన్సర్‌లో ఎరుపు, నీలం వాటికంటే ఆకుపచ్చని పట్టే చుక్కలు రెట్టింపు ఉంటాయి, పైగా మనిషి చర్మంలో ఆ పచ్చ తక్కువ. అందుకని మనిషిని నేపథ్యం నుంచి విడదీయడం సులువు. జుట్టు చివర్లు విడదీయడమే కష్టం. అది తెలిసినప్పటి నుంచి షాట్‌లో జుట్టు సవరించుకోవడం మానేశాను.

ఈమధ్య మ్యాట్‌కి బదులు, నేపథ్యాన్ని అక్కడే చూపించే ఎల్ఈడీ తెరల గోడలు వచ్చాయి. 2019లో వచ్చిన 'ది మాండలోరియన్' సిరీస్ కోసం కట్టిన గోడ ఎత్తు 20 అడుగులు, దాని మధ్య స్థలం అడ్డంగా 75 అడుగులు. గ్రహం కళ్ళెదురుగా కనబడుతుంది కనుక నటుడికి సుఖమే. అయితే ఆ బొమ్మ కెమెరా ఉన్న చోటి నుంచి సరిగ్గా కనబడేలా కదులుతుంది, మీ చోటి నుంచి కాదు. కెమెరా జరిగినప్పుడల్లా కొండలు జరుగుతాయి. కళ్ళు తిరిగితే పాదాల కింది నేలను ఒకసారి చూసుకోండి. లుక్ ఎక్కడో మాత్రం ఇక్కడ కూడా అడిగి తీరాలి.

ఓడ ఊగినప్పుడు

చూసేవాళ్ళకు తేలిగ్గా, చేసేవాళ్ళకు నరకంగా ఉండే షాట్ ఇది. సెట్ కదలదు. కెమెరాను ఒక పక్కకు వంచుతారు, మనం ఇంకో పక్కకు ఒరుగుతాం. ఒక్కరు అరక్షణం ఆలస్యమైతే షాట్ పోయినట్టే. మా ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) "ఎడమ... కుడి... పెద్దది!" అని అరిచేవారు.

మొదట్లో అందరం భుజాలు ఊపాం, డాన్స్‌లాగా వచ్చింది. రాత్రి బస్సులో నిలబడి ఇంటికెళ్తూ జనాన్ని గమనించాను. బ్రేక్ వేసినప్పుడు ముందు నడుం వెళ్తుంది, మోకాళ్ళు వంగుతాయి, తల వెనకబడుతుంది, చెయ్యి అన్నిటికంటే చివర కమ్మీ వెతుక్కుంటుంది. కుదుపు ఆగాక శరీరం ఒకసారి ఎదురువైపు తూగి అప్పుడు నిలబడుతుంది. మర్నాడు నలుగురికీ చూపించాను. నడుం, మోకాలు, తల, చెయ్యి. ఈ వరుస పట్టుకుంటే చాలు. చెయ్యి ముందే కమ్మీ మీదకు వెళ్తే మీకు కుదుపు ముందే తెలుసన్నమాట.

రోప్ మీద భారరహితంగా తేలే షాట్లకు కూడా శరీరం వరుసే ముఖ్యం. చేతులు ఈదకూడదు. పొట్ట బిగించి, ఒక వేలితో తోసుకుని, ఆ తోపు అయిపోయేదాకా ఏమీ చేయకూడదు. రోప్‌కి తగిలించడానికి ఒంటికి కట్టే హార్నెస్ ఒరుసుకుంటుంది, లోపల మెత్తటి బట్ట అడిగి తీసుకోండి.

కంట్రోల్ ప్యానెల్ విషయానికొస్తే, అది అద్దం పలక. బటన్లు తర్వాత వేస్తారు. నా పాత్ర ఓడలో వైద్యురాలు. నేను నోట్‌బుక్‌లో ప్యానెల్ బొమ్మ గీసుకుని, ఎడమ మూల గుండె, దాని కింద ఊపిరి, కుడి చివర తలుపు తాళం అని రాసుకున్నాను. అది ఫొటో తీసి వీఎఫ్ఎక్స్ వాళ్ళకు ఇచ్చాను. నా వేళ్ళు ఎక్కడ పడితే అక్కడే బటన్లు పెట్టారు. మీరేం గీసుకోకుండా వేళ్ళు ఆడిస్తే, ఏ రెండు షాట్లలోనూ తలుపు ఒకే బటన్‌కి తెరుచుకోదు.

నోరు తిరగని డైలాగులు

"కవచం ధ్రువణత తిరగబడింది, ద్వితీయ వాహికలోకి మళ్ళించండి." రెండు రోజులు బట్టీ పట్టాను, మాట తడబడలేదు, కానీ ప్రాణం లేదు. రచయితను అడిగాను, మళ్ళించకపోతే ఏమవుతుందని. "40 సెకన్లలో కింది గదిలో వాళ్ళకు ఊపిరాడదు," అన్నారు. కింది గదిలో కథ ప్రకారం నా తమ్ముడున్నాడు. ఆ తర్వాత ఆ మాటను "కరెంటు తీగ తెగి పడింది, అటు వెళ్ళకండి" అని మనం ఎలా అంటామో అలా అన్నాను. ఆ డైలాగ్ పక్కన పెన్సిల్‌తో ఈ తీగ మాటే రాసుకున్నాను. మీరూ ప్రతి సాంకేతిక వాక్యానికి పక్కన ఒక మామూలు వాక్యం రాసుకోండి, టేక్‌లో దాన్ని తలుచుకోండి. పదాల్లో ఏది నొక్కి పలకాలో దానంతటదే తెలుస్తుంది.

ముఖానికి మరో ముఖం

రెండో వారంలో నా పాత్రకు జబ్బు సోకి నుదురు, చెంపలు మారతాయి. ప్రాస్థటిక్ (ముఖానికి అతికించే సిలికాన్ తొడుగు) కోసం ముఖం అచ్చు తీశారు. ముఖమంతా ఆల్జినేట్ అనే చల్లటి అచ్చు ముద్ద పోసి, దాని మీద ప్లాస్టర్ కట్లు వేస్తారు, ముక్కు రంధ్రాలు మాత్రం వదులుతారు. చెవుల్లోకి కూడా పోతుంది కనుక బయటి మాటలు సరిగా వినబడవు. చెయ్యెత్తితే తీసేయాలి అన్న సైగ ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడుకున్నాను, వాడలేదు, కానీ ఆ సైగ ఉందన్న ధైర్యంతోనే కూర్చున్నాను. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందే చెబితే 3డీ స్కాన్ తీయడానికి వీలుంటుంది.

సిలికాన్ అతికించాక అద్దం ముందు పది నిమిషాలు అడిగి తీసుకోండి. నా కనుబొమల కదలిక పైకి రానే లేదు, బుగ్గలది వచ్చింది. అంటే ఆశ్చర్యాన్ని కనుబొమలతో కాకుండా కింది రెప్పలతో, బుగ్గలతో చెప్పాలి. ఇది తెలియకుండా సెట్‌లోకి వెళ్తే లోపల ఎంత నటించినా బయట గోడే. తీసేటప్పుడు తొందరపడి పీకొద్దు. ద్రావకం అంచుల కిందికి దిగేదాకా ఆగితే చర్మం మిగులుతుంది.

కంట్లోని తెల్లగుడ్డును కూడా కప్పే పెద్ద లెన్సులు పెడితే పక్కలు కనబడవు. కంటి డాక్టర్‌కి చూపించుకోకుండా ఒప్పుకోవద్దు. నేల మీది మార్క్ కనబడదు కాబట్టి అక్కడ చిన్న ఇసుక సంచి పెట్టమని అడిగాను, బూటు తగిలితే ఆగేదాన్ని.

హెల్మెట్ గురించి ఒక్క సంగతి. అద్దంలో కెమెరా, లైట్లు ప్రతిఫలిస్తాయని చాలా షాట్లకు అద్దం తీసేస్తారు, తర్వాత కంప్యూటర్‌లో పెడతారు. ఒక మంచి టేక్ చివర, చెమట కారుతుంటే గ్లౌజుతో నుదురు తుడుచుకున్నాను. లేని అద్దంలోంచి చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది. ఆ టేక్‌లో నా ఏడుపు నిజంగా వచ్చింది, మళ్ళీ అలా రాలేదు. ఇప్పటికీ బాధే. ఆ రోజు నుంచి అద్దం లేని హెల్మెట్ పెట్టుకోగానే ముందు వేలితో అద్దం ఉండాల్సిన చోటును గాలిలో నాలుగు పక్కలా తట్టుకునేదాన్ని. అప్పుడు చెయ్యి దాన్ని గుర్తు పెట్టుకుంటుంది.

సంతకానికి ముందు, ప్యాకప్ తర్వాత

పైలట్ అంటే సిరీస్ కాదు. అమ్మకానికి చూపించే మొదటి ఎపిసోడ్. ఎంత బాగా చేసినా ఆగిపోవచ్చు, మారిపోవచ్చు. 'స్టార్ ట్రెక్' మొదటి పైలట్‌ను 1964లో తీస్తే ఛానల్ వద్దంది, రెండోది తీయమంది. పాత్రతో సహా రెండోదానిలోకి వచ్చిన నటుడు లెనార్డ్ నిమాయ్ ఒక్కడే. మొదటిదానిలో కెప్టెన్ వేషం వేసిన జెఫ్రీ హంటర్ 1969లో పోయారు, ఆ పైలట్ మొత్తంగా టీవీలో వచ్చింది 1988లో. 'డాక్టర్ హూ' మొదటి ఎపిసోడ్‌ను 1963లో రెండుసార్లు తీశారు. మొదటిసారి కథలోని కాలయంత్రం తలుపులు సరిగా మూసుకోలేదు, రెండోసారికి విలియం హార్ట్‌నెల్ పాత్ర దురుసుతనం కూడా తగ్గించారు. అందుకే రోజూ ప్యాకప్ అయ్యాక ఆ రోజు చేసిన నిర్ణయాలన్నీ రాసిపెట్టుకోండి: నడక, ప్యానెల్, ఏ మాటకు ఎటు చూశారు. ఆరునెలల తర్వాత రీషూట్‌కి పిలిస్తే అదే మీకు దిక్కు.

ఒప్పందంలో ఆప్షన్ (సిరీస్ అయితే మిమ్మల్నే తీసుకునే హక్కు) గడువు తేదీ చూడండి. ఆ తేదీ వరకు మీరు వాళ్ళకు కట్టుబడి ఉంటారు, పాత్ర కోసం జుట్టు కూడా అలాగే ఉంచమంటారు. ఒంటిని స్కాన్ చేస్తే దాన్ని ఎక్కడెక్కడ వాడతారో రాసివ్వమనండి. 2023లో అమెరికా నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్నవాటిలో, డిజిటల్ రూపానికి నటుల అనుమతి ఉండాలన్నది ఒకటి. మనం అడగడానికి సంకోచించాల్సిన పని లేదు.

డబ్బింగ్‌కి గొంతు దాచుకోండి. హెల్మెట్‌లో ఫ్యాన్ మోతకు సెట్‌లో రికార్డయిన మాట పనికిరాదు. నాతో ఒక గంట ఒట్టి ఊపిరి రికార్డు చేయించారు. నడుస్తున్న ఊపిరి, భయపడ్డ ఊపిరి, నిద్రలో ఊపిరి. నోట్‌బుక్ చూసుకుంటూ, ప్రతి సీన్‌కీ సెట్‌లో నిలబడ్డ తీరులోనే నిలబడి చేశాను.

మా పైలట్ సిరీస్ కాలేదు. గడువు దాటాక, నేనిక స్వేచ్ఛగా ఉన్నానని కాగితం రాయించుకుని, షోరీల్ (నా నటన చూపించే వీడియో) కోసం ఒక ముక్క ఇవ్వమని అడిగాను. వీఎఫ్ఎక్స్ పూర్తయిన షాట్లు ఇవ్వలేమన్నారు. గ్రీన్ మ్యాట్‌తోనే ఉన్న ఆ కిటికీ షాట్ ఇచ్చారు, 22 సెకన్లు. ఎక్కడ ఆడిషన్‌కి అడిగినా దాన్ని అలాగే పంపుతున్నాను.