సమ్మర్ స్విమ్మింగ్‌కి పంపే ముందే పిలకాయల జుట్టు సంగతి చూసుకోండి

ఏప్రిల్ నెలాఖరుకి బడులు మూసేస్తారు, ఇక నెల్లూరు ఎండలకి పిలకాయల్ని ఇంట్లో పట్టలేం, చాలామందిమి స్విమ్మింగ్ కోచింగ్‌లో చేర్పిస్తాం. పోయిన వేసవిలో మా పాపని నెలరోజులు పంపాను. మూడో వారానికి దాని జడ చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఒత్తుగా ఉండే జుట్టు కొబ్బరిపీచులా గరుకు తేలిపోయి, దువ్వెన పెడితే సగంలోనే ఆగిపోయేది, ఎండలో నిలబెడితే చివర్లు రాగిరంగులో కనిపించేవి. మందారాకు, మెంతులు, కలబంద, అన్నీ పట్టించాను. మెత్తబడింది గానీ చిట్లిన చివర్లు అతుక్కోవు కదా, రెండంగుళాలు కత్తిరించక తప్పలేదు. అందుకే ఈసారి ముందే చెబుతున్నా. తర్వాత వేసే ప్యాకుల కన్నా నీళ్లలో దిగేముందు పెట్టే ఐదు నిమిషాలే జుట్టుని కాపాడతాయి.

పొడి జుట్టుతో పూల్లో దూకితే అది మొదట పీల్చుకునేది క్రిములు చావడానికి క్లోరిన్ మందు కలిపిన ఆ నీళ్లనే, జుట్టుని గరుకు చేసేది అదే. అదే ముందుగా నాలుగు చెంబుల మంచినీళ్లతో కుదుళ్ల దాకా తడిపేస్తే ఇక పీల్చుకునే చోటు తక్కువ. పైన నీళ్లు కారిపోయి లోపల పొడిగానే ఉంటుంది చూడండి, అందుకని జడ విప్పి, పాయలు పాయలుగా తీసి తడపాలి. ఆ తర్వాత అరచేతిలో అర చెంచా కొబ్బరినూనె రుద్దుకుని సగం నుంచి చివర్ల దాకా రాయండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కూడా ఇంకుతుంది, అందుకే దీనికి అదే మేలు. కారేంత రాయొద్దు, పూల్ నీళ్లు జిడ్డెక్కుతాయి, అక్కడివాళ్లు ఒప్పుకోరు కూడా. పైన సిలికాన్ క్యాప్ పెట్టండి, గుడ్డ క్యాప్ పెట్టినా నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. క్యాప్ ఉందని తడపడం, నూనె రాయడం మానెయ్యకండి, అంచుల్లోంచి ఎంతో కొంత నీరు దూరుతూనే ఉంటుంది.

పూల్ ఎంచుకునేటప్పుడు ఒక మాట అడగండి, క్లోరిన్ రోజూ చూస్తున్నారా అని. నీళ్లలో చుక్కలు వేసి పసుపు రంగుని బట్టి చూసే చిన్న కిట్ ఉంటుంది. మామూలుగా లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉంచుతారు. ఘాటు వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టు అనుకుంటాం, నిజానికి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడే ఆ వాసన ఎక్కువ. అందుకే దిగేముందు పిలకాయలు ఒళ్లు కడుక్కుంటే అందరికీ మంచిది.

బయటికి రాగానే అక్కడే షవర్ కింద జుట్టు కడిగించండి, ఇంటికి వచ్చాక చూద్దాంలే అని ఆ నీళ్లతోనే ఎండలో బండి మీద తీసుకురాకండి. వారానికి రెండు మూడుసార్లు పల్చటి శీకాయో, మామూలు షాంపూనో చాలు. కనిగిరి, దర్శి వైపు మా చుట్టాల ఇళ్లలో ఉన్నట్టు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం ఆఖరి రెండు చెంబులైనా మంచినీళ్లు పోయండి, లేకపోతే ఎంత కడిగినా జుట్టు గరుకుగానే ఉంటుంది.

ఆదివారం పూట, రాత్రి నానబెట్టిన రెండు చెంచాల మెంతులు పెరుగుతో మెత్తగా రుబ్బి, ఇరవై నిమిషాలు పట్టించి కడిగేయండి. మందారాకు పసరు కూడా చిక్కులు తీయడానికి బాగుంటుంది. వంటసోడా జోలికి మాత్రం వెళ్లొద్దు, అది జుట్టుని ఇంకా గరుకు చేస్తుంది. నిమ్మరసం నేరుగా రుద్దొద్దు. మాకు పొదలకూరు నిమ్మకాయలు చవగ్గా దొరుకుతాయని నేనూ ఆ పని చేశాను, పాపకి మాడు మండింది. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే మచ్చలు కూడా పడతాయి.

తడి జుట్టు సాగి తెగుతుంది, కాబట్టి తువ్వాలుతో గట్టిగా రుద్దకుండా అద్దండి. పెద్దపళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. మా పాప జడకి రోజూ పది నిమిషాలు పట్టేది, తొందరపడిన రోజున దువ్వెన నిండా తెగిన వెంట్రుకలే.

స్మూతెనింగ్ చేయించుకున్నవాళ్లు, రంగు వేసుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అలాంటి జుట్టు తొందరగా పాడవుతుంది. మాడు ఎర్రబడినా, దురద తగ్గకపోయినా ఇంటి వైద్యం ఆపి, స్విమ్మింగ్ కూడా ఆపి చర్మం డాక్టరుకి చూపించండి.