కర్ర ఓడ నమూనా కట్టడం ఎలా? కుదరని చోట్ల ఎలా సరిచేయాలి?

ఓడ నమూనా పైబద్దలు ఎగుడుదిగుడుగా వస్తే చాలామంది తప్పును బద్దల్లోనే వెతుకుతారు. నిజానికి ఆ తప్పు అంతకు ముందే, చట్రం నిలబెట్టిన రోజునే జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు చట్రానికే ఇస్తున్నాం. తెరచాప స్తంభాలు, తాళ్ల సంగతి చివర్లో కొద్దిగా ఉంటుంది.

కిట్లలో ఎక్కువగా వచ్చే పద్ధతి ఇది. మధ్యలో 4 లేదా 5 మి.మీ. ప్లైవుడ్‌తో ఒక వెన్ను పలక ఉంటుంది. దానికి అడ్డంగా పది పన్నెండు చట్రాలు గాడుల్లో దిగుతాయి. వాటి మీద 1.5 మి.మీ. మందం, 5 మి.మీ. వెడల్పు ఉన్న మెత్తని కర్ర బద్దలతో మొదటి పొర వేస్తారు. దాని మీద 0.5 లేదా 0.6 మి.మీ. వాల్‌నట్ బద్దలు రెండో పొరగా వస్తాయి. కంటికి కనిపించేది రెండో పొరే, దాని ఆకారం మాత్రం మొదటి పొర చేతిలో ఉంటుంది. ఓడ ముందు మూతిని అణియం, వెనక కొసను అమరం అని రాస్తున్నాం.

ఏ ఓడ, ఎంత సైజు?

ఉదాహరణకు బౌంటీ అనే ఓడను తీసుకుందాం. 1784లో ఇంగ్లండులోని హల్ రేవులో బొగ్గు రవాణా కోసం బెథియా పేరుతో దాన్ని కట్టారు. 1787లో బ్రిటిష్ నౌకాదళం కొని పేరు మార్చింది. పొడవు సుమారు 27.7 మీటర్లు, వెడల్పు 7.4 మీటర్లు. 1:64 స్కేలులో, అంటే అసలు ఓడలో 64వ వంతుగా కడితే, పొట్ట 43 సెం.మీ. పొడవు, 11.6 సెం.మీ. వెడల్పు వస్తుంది. మూతి కొయ్య, స్తంభాలు దీనికి అదనం. అదే స్కేలులో కటీ సార్క్ అనే పెద్ద తెరచాప ఓడను కడితే పొట్టే మీటరు దాటుతుంది, కాబట్టి కొనేముందు అలమర కొలుచుకోండి. బొగ్గు ఓడ కావడంతో బౌంటీ అణియం గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. బద్దలు అక్కడ చాలా తక్కువ దూరంలో గట్టిగా మలుపు తిరగాలి. ఇదే మొదటి ఓడ అయితే సన్నటి మూతి, ఒకే స్తంభం ఉన్న కట్టర్ రకం చిన్న ఓడతో మొదలుపెట్టడం మేలు.

దగ్గర ఉంచుకోవలసినవి

చిన్న మూలమట్టం, 80, 120, 240 నంబర్ల శాండ్‌పేపర్, సన్న ఆకురాయి, మార్చుకునే బ్లేడు కత్తి, చేతి బర్మా, రెండు డజన్ల బట్టల క్లిప్పులు, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వెంటనే పట్టే ఫెవిక్విక్ రకం జిగురును కొసలు పట్టించడానికి మాత్రమే వాడండి. అది ఒలికిన చోట కర్ర తర్వాత రంగు, పాలిష్ పీల్చుకోదు, మచ్చ తేలుతుంది.

1. ముక్కలు విడదీయడం, వెన్ను పలక సరిచూడడం

ప్లైవుడ్ షీట్ నుంచి ముక్కలు తీయకముందే ప్రతి చట్రం మీద నంబరు, పైభాగం, ముందువైపు పెన్సిల్‌తో రాసుకోండి. ముందువెనకలు తారుమారైన చట్రం గాడిలో బాగానే కూర్చుంటుంది, తేడా బద్దలు వేసేటప్పుడు బయటపడుతుంది.

వెన్ను పలకను గాజు పలక మీద పరిచి చూడండి. వంపు ఉంటే లోపలికి గుంట పడ్డ వైపు తడిగుడ్డతో అద్దాలి. తడిసిన వైపు ఉబ్బి పలకను తిరిగి లాగుతుంది. అప్పుడు చదునైన బల్ల మీద బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. వంపు చట్రాలు అంటించాక సర్దుకుంటుందిలే అనుకోవద్దు, అది అలాగే గట్టిపడిపోతుంది. స్వల్పంగా మిగిలిపోతే చట్రాల మధ్య రెండు వైపులా చతురస్రపు కర్ర పుల్లలు బిగువుగా అంటిస్తే పలక తిన్నగా నిలబడుతుంది.

బద్దలు వేయబోయే ముందు వెన్ను పలక వెనక భాగాన్ని పలుచన చేయాలి. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఇదే. లెక్క చూడండి: పలక 5 మి.మీ. మీద ఒక్కో వైపు 1.5, 0.6 చొప్పున రెండు పొరలు, అంటే రెండు వైపులా కలిపి 4.2 మి.మీ. మొత్తం 9.2. చుక్కాని తగిలించే వెనక స్తంభం మందం మాత్రం 5 మి.మీ.యే. అందుకని బద్దలు వచ్చి ఆగే చోట పలకను కొస వైపు 1 మి.మీ. దాకా ఏటవాలుగా గీకాలి. ఎక్కడి నుంచి తగ్గించాలో చాలా డ్రాయింగుల్లో ఒక వంపు గీతగా చూపిస్తారు. దీన్ని మర్చిపోయి బద్దలు వేసేసుంటే మొదటి పొరనే వెనక కొసలో వీలైనంత పలుచన చేయాలి. బద్ద కాగితంలా మారేదాకా గీకడానికి భయపడకండి, వెనక జిగురు ఉంది కాబట్టి నిలబడుతుంది.

2. చట్రాలు నిలబెట్టడం

ముందు జిగురు లేకుండా అన్నీ కూర్చోబెట్టి చూడండి. బొటనవేలు ఒత్తిడితో దిగాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే గాడిని ఆకురాయితో ఒకటి రెండుసార్లు రాసి మళ్లీ చూడండి. బిగువు గాడిలోకి బలవంతంగా దించిన చట్రమే వెన్ను పలకను వంచుతుంది. వదులుగా ఉంటే గాడిలో కాగితం పట్టీయో, పలుచని కర్ర పొరో అంటించి సరిచేయాలి. జిగురుతో నింపితే ఆరేలోపు చట్రం ఒరుగుతుంది.

ఇప్పుడు చట్రాల పైఅంచుల మీదుగా ముందునుంచి వెనక్కి ఒక పొడవాటి బద్ద పరచండి. అది మృదువైన ఒకే వంపులో సాగాలి. ఏదైనా చట్రం పైకి పొడుచుకొస్తే దాని గాడి చాలినంత లోతు లేదన్నమాట. చట్రం గాడిలో సగం, వెన్ను పలక గాడిలో సగం లోతు పెంచండి. పైఅంచు గీకేస్తే డెక్ (ఓడ పైతలం) కుదురుతుంది కానీ ఆ చట్రం పక్కల వంపు పైకి జరిగే ఉంటుంది.

అంతా కుదిరాక మధ్య చట్రం నుంచి మొదలుపెట్టి అటూఇటూ అంటించుకుంటూ వెళ్లండి. ఒక్కో చట్రానికి వెన్ను పలకతో మూలమట్టం పెట్టి చూసుకోవాలి. ఆరేదాకా రెండు వైపులా చతురస్రపు కర్ర ముక్కలు ఆనించి ఉంచండి. అణియం దగ్గర మొదటి రెండు మూడు చట్రాల మధ్య ఖాళీల్లో బాల్సా అనే తేలికైన మెత్తని కర్ర దిమ్మెలు అంటించి వంపుకు తగ్గట్టు చెక్కండి. మొద్దు మూతి ఓడకు ఈ దిమ్మెలు లేకపోతే బద్దకు ఆనుకునే చోటే ఉండదు.

డెక్ పలక కూడా ఈ దశలోనే ఎక్కించాలి. అది చట్రాలన్నిటినీ పట్టి ఉంచుతుంది.

3. అంచులు వాలు తీయడం, కుదరని చట్రాన్ని పట్టుకోవడం

చట్రాల అంచులు కోసినప్పుడు చతురస్రంగా ఉంటాయి. ఓడ పొట్ట ముందూ వెనకా సన్నబడుతుంది కాబట్టి బద్ద ఆ అంచు మూల మీదే ఆనుతుంది. బద్ద చట్రం అంచు మందమంతటా ఆనాలంటే వాలు తీయాలి. అణియం వైపు చట్రాల్లో ముందు మూలను, అమరం వైపు చట్రాల్లో వెనక మూలను గీకాలి. రెండో మూల కదలకూడదు, అదే డ్రాయింగులోని అసలు కొలత. అంచులన్నిటికీ పెన్సిల్ రాసి గీకితే ఎంత తీశారో తెలుస్తుంది. గీకకూడని మూలలో సన్నని పెన్సిల్ గీత మిగిలినంతవరకే తీయండి. శాండ్‌పేపర్‌ను చేతివేళ్లతో పట్టుకుంటే అంచులు గుండ్రబడిపోతాయి. ఒకేసారి కనీసం మూడు చట్రాలను తాకేంత పొడవైన పట్టీకి 80 నంబరు కాగితం అంటించి రుద్దండి.

తర్వాత 1.5 మి.మీ. బద్దను చట్రాల మీద ఆనించి డెక్ దగ్గర, పొట్ట మధ్యలో, అడుగు దగ్గర మూడు ఎత్తుల్లో చూడాలి. మూడో, ఐదో చట్రాలకు తగిలి నాలుగో దానికి తగలకపోతే నాలుగోది లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ తొందరపడకండి, ఐదోది బయటికి ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. బద్దను ఒక చట్రం ముందుకు, ఒకటి వెనక్కి జరిపి చూస్తే అసలు నేరస్థుడు దొరుకుతాడు.

ఇక రెండో వైపు చూడండి. అదే చట్రం రెండు వైపులా సమానంగా లోపలికి ఉంటే ముక్క చిన్నగా కోసి ఉంది. లోటు పడిన అంచు మీద 0.5 లేదా 1 మి.మీ. బద్ద అంటించి, ఆరాక వంపుకు గీకితే సరిపోతుంది. ఎడమవైపు లోటు, కుడివైపు మిగులు ఉంటే చట్రం పక్కకు జరిగి అంటుకుంది. తెల్ల జిగురే వాడితే ఆల్కహాల్‌ను బ్రష్‌తో అతుకు మీద మళ్లీ మళ్లీ రాసి కాసేపు నాననిస్తే మెత్తబడుతుంది, ఊపి తీసి మళ్లీ అంటించండి. ఊడకపోతే ఎడమ అంచుకు బద్ద, కుడి అంచుకు శాండ్‌పేపర్.

దీనికి రెండు మూడు సాయంత్రాలు పట్టినా పట్టనివ్వండి. మొదటి పొర బద్ద మందం 1.5 మి.మీ. మాత్రమే. ఇక్కడ వదిలేసిన 1 మి.మీ. ఉబ్బును తర్వాత గీకబోతే బద్దకే చిల్లు పడుతుంది.

4. మొదటి పొర బద్దలు

బద్దను దాని మందం వైపు వంచగలం, వెడల్పు వైపు వంచలేం. బలవంతంగా వెడల్పు వైపు తిప్పితే ఒక అంచు పైకి లేచి కింది బద్ద మీద పెంకులా కూర్చుంటుంది. దానికి మందు క్లిప్పులు పెంచడం కాదు, బద్ద వెడల్పు తగ్గించడం.

ఎంత తగ్గించాలో కాగితపు పట్టీ చెబుతుంది. మధ్య చట్రం మీద డెక్ అంచు నుంచి అడుగుదాకా పట్టీని ఆనించి కొలవండి. 110 మి.మీ. వచ్చిందనుకోండి, 5 మి.మీ. చొప్పున 22 బద్దలు. అణియం దగ్గరి చట్రం మీద 66 వస్తే ఒక్కో బద్ద అక్కడ 3 మి.మీ.కు సన్నబడాలి. 48 మాత్రమే వస్తే 2.2 అవుతుంది. అసలు వెడల్పులో సగానికంటే సన్నని బద్ద విరుగుతుంది, చూపుకూ బాగోదు. మూడు బద్దలను అణియం చేరకముందే పక్క బద్దలో గాడి కోసి ఆపేసి, మిగతా 19తో ముందుకు వెళ్లాలి. అమరం వైపు లెక్క తిరగబడవచ్చు. అక్కడ 125 వస్తే 15 మి.మీ. ఖాళీ మిగులుతుంది. స్టీలర్లు అనే కోసు ముక్కలు మూడు ఆ ఖాళీల్లో దూర్చాలి. ఖాళీ మూయడానికి బద్దలను బలవంతంగా పక్కకు లాగితే వరుసలన్నీ వంకర పోతాయి.

మొదటి బద్ద డెక్ అంచు వెంబడి. తర్వాత ఎడమ ఒకటి, కుడి ఒకటి చొప్పున మార్చి మార్చి వేయండి. ఒకేవైపు ఆరేడు వరుసగా వేస్తే జిగురు ఆరేటప్పటి లాగుడుకు వెన్ను పలక మెలి తిరుగుతుంది. అణియం చుట్టూ తిరిగే కొసను వేడినీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టి, ఓడ మీదే క్లిప్పులతో బిగించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక తీసి జిగురు పెట్టాలి. తడిగానే అంటిస్తే బద్ద ఆరి కుంచించుకుని మధ్యలో సందులు పడతాయి. తీరప్రాంతంలో వానాకాలంలో కడుతుంటే ఆరడానికి ఇంకో రోజు ఎక్కువ ఇవ్వండి. గుండుసూదులు వాడితే జిగురు పట్టాక పీకేయాలి, తలలు మిగిలితే శాండ్‌పేపర్ చిరుగుతుంది.

మొత్తం ఆరాక 120తో గీకి, చీకటి గదిలో టార్చిని పక్కనుంచి కొట్టి చూడండి. పగటి వెలుగులో దాగే పల్లాలన్నీ నీడలుగా తేలతాయి. చిన్న పల్లాలకు కర్ర పుట్టీ చాలు, ఈ పొర ఎలాగూ కనపడదు. ఉబ్బు ఉండి బద్ద ఇప్పటికే పలుచబడితే ఆగండి. డెక్ ఇంకా తెరిచి ఉన్న చోట లోపలివైపు జిగురులో ముంచిన గుడ్డ పట్టీ అంటించి ఆరాక గీకండి. లోపలికి చేయి పోకపోతే ఉబ్బును వదిలి దాని చుట్టూ పుట్టీతో వాలు కలపడమే దారి.

5. రెండో పొర

కొలతల పద్ధతి అదే. తేడా ఏమిటంటే ఇక్కడ పుట్టీ కనిపిస్తుంది. సందుల్లో జిగురు, రంపపు పొట్టు కలిపి నింపితే పాలిష్ వేశాక చుట్టూ కర్ర ముదురుతుంది, జిగురు పీల్చిన చోటు లేతగా మిగిలిపోతుంది. సందుకు సరిపడే సన్నని వాల్‌నట్ పుల్లను దూర్చి గీకడమే శుభ్రమైన మార్గం. బౌంటీకి 1787లో డెట్‌ఫర్డ్ నౌకా యార్డులో నీటి కింది భాగానికి రాగి రేకులు వేశారు. నమూనాకూ రాగి వేస్తే కింది సగంలో సందులు దాగుతాయి. ఉబ్బులు మాత్రం రాగి మెరుపులో ఇంకా బాగా కనిపిస్తాయి.

నీటి గీత గీయడానికి ఓడను స్టాండులో మట్టంగా బిగించి, ఒక దిమ్మె మీద పెన్సిల్‌ను ఒకే ఎత్తులో కట్టి బల్ల మీద చుట్టూ జరపండి.

6. స్తంభాలు, తాళ్లు

స్తంభం పుల్లను బర్మా మిషన్‌లో బిగించి తిప్పుతూ శాండ్‌పేపర్‌తో పైకొసకు సన్నం చేస్తారు. డెక్ రంధ్రం వదులైతే పుల్ల చుట్టూ కాగితం చుట్టండి. వాలు తప్పితే రంధ్రాన్ని కావలసిన వైపు కొద్దిగా పెంచి, ఎదుటివైపు చీలిక దూర్చి నిలబెట్టండి. స్తంభం అడుగున వచ్చే కట్టు ఆ రంధ్రాన్ని కప్పేస్తుంది. జిగురు పెట్టే ముందు ఎదురుగా నిలబడి స్తంభాలన్నీ ఒకే వరుసలో ఉన్నాయా చూసుకోండి.

స్తంభాన్ని పక్కల నుంచి పట్టే తాళ్లను కుడి జత, ఎడమ జత చొప్పున మార్చి కట్టాలి. లేకపోతే స్తంభం ఒకవైపుకు ఒరుగుతుంది. నూలు దారం తేమకు బిగుసుకుని, ఎండకు వదులవుతుంది. హైదరాబాద్ మే నెల ఎండలో వీణ తీగలా బిగించి కట్టిన తాడు వానలు పడగానే సన్నని పైకొయ్యను వంచేస్తుంది. తాడు జారి వేలాడకుండా ఉండేంత బిగువు చాలు. పాలిస్టర్ దారంతో ఈ ఇబ్బంది తక్కువ.