డ్రమ్ము గాలిమర బరువుగా తిరుగుతోందా? కొత్త బేరింగ్ కొనే ముందు ఇది చూడండి

200 లీటర్ల డ్రమ్ముని నిలువునా రెండు ముక్కలు కోసి మిద్దె మీద గాలిమర నిలబెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే, ఏ నంబర్ బేరింగ్ వెయ్యాలి అని. నేను విప్పి చూసిన వాటిల్లో నంబర్ చిన్నదై పోయిన బేరింగ్ ఒక్కటి కూడా లేదండి, బిగించిన తీరు వల్లో, నీళ్ళు దిగడం వల్లో పోయినవే అన్నీ. 20 ఎంఎం షాఫ్ట్ (మరతో పాటు తిరిగే నిలువు కడ్డీ)‌కి 6204, 25 ఎంఎంకి 6205, ఈ సైజు మరకి అంతకు మించి అక్కర్లేదు. పని అంతా ఆ తర్వాతే ఉంది.

గాలి ఉంది, మర కదలట్లేదు

ముందు జనరేటర్ వైర్లు పీకి చేత్తో తిప్పి చూడండి. ఒక్కసారిగా తేలికైపోతే బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే డయోడ్ల ముక్క)‌లో డయోడ్ షార్ట్ అయి ఉంటది, లేదా వైర్లు ఎక్కడో తగులుకుని ఉంటాయి, బేరింగ్‌కి ఏ సంబంధం లేదు. వైర్లు పీకినా మెట్లు మెట్లుగా ఆగి ఆగి తిరుగుతుంటే అది ఇనుప కోర్ ఉన్న మోటార్‌లో అయస్కాంతాల లాగుడు, దానికీ బేరింగ్ మార్చి లాభం లేదు.

ఇప్పుడు జనరేటర్‌ని పూర్తిగా విడదీసి, గాలి ఆడని పొద్దున పూట రోటర్ (తిరిగే డ్రమ్ము ముక్కల భాగం) అంచుకి దారం కట్టి చిన్న స్ప్రింగ్ త్రాసుతో పక్కకి లాగండి. మీటర్ వెడల్పు, డ్రమ్ము ఎత్తు ఉన్న రోటర్‌కి సెకనుకి 3 మీటర్ల గాలిలో షాఫ్ట్ దగ్గర దొరికేది మహా అయితే 2 వాట్లు, అంచు దగ్గర లెక్కేస్తే సుమారు 80 గ్రాముల లాగుడు. అంతే. మీ త్రాసు 150 చూపిస్తుంటే ఆ గాలికి మర తిరగదు.

త్రాసు ఎక్కువ చూపిస్తే పై బేరింగ్ బోల్టులు ఒక చుట్టు వదులు చేసి మళ్ళీ లాగండి. లాగుడు సగానికి పడిపోయిందంటే పై హౌసింగ్, కింది హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూళ్ళు) ఒకే గీత మీద లేవు. ఇదే అన్నిటికన్నా ఎక్కువ కనపడే తప్పు, ఎందుకంటే వెల్డింగ్ చేసిన యాంగిల్ ఫ్రేమ్ చల్లారేటప్పుడు లాగేస్తది, మనం ముందు ఎంత కొలిచి పెట్టినా రెండు మూడు ఎంఎం పక్కకి పోతది, మామూలు 6204 ఆ వంకరని అస్సలు ఓర్చుకోదు. అందుకే కింద యూసీఎఫ్ 204 లాంటి ఫ్లాంజ్ హౌసింగ్ వెయ్యండి, దానిలో బేరింగ్ గుండ్రటి గూటిలో కూర్చుని కొంచెం వంగి సర్దుకుంటది. బోల్టులు ఒకేసారి బిగించెయ్యకండి, ఒకరు రోటర్ తిప్పుతూ ఉంటే ఇంకొకరు నాలుగూ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి, ఎక్కడ బరువు తగిలితే అక్కడ ఆగి ప్లేట్ కింద కూల్ డ్రింక్ టిన్ రేకు ముక్క ప్యాకింగ్ పెట్టాలి. ఓపికగా చెయ్యండి, అర పూట పడుతుంది.

ఇవన్నీ చేసినా కొంచెం బరువు మిగిలితే అది రబ్బరు సీలు రాపిడి. జెడ్‌జెడ్ అంటే రేకు మూతది తేలికగా తిరుగుతుంది కానీ వాన ఆపదు. మిద్దె మీద రబ్బరు సీలున్న 2ఆర్ఎస్సే నయం, ఆ కాస్త రాపిడి నేను ఒప్పుకుంటా.

పొద్దున బాగుంది, మధ్యాహ్నం బిగుసుకుపోతోంది

షాఫ్ట్‌ని రెండు చివర్లా లాక్ చేశారు. ఎండకి రోటర్, ఫ్రేమ్ ఒకేలా వేడెక్కవు, పొడవు తేడా వచ్చి ఆ నెట్టుడంతా బాల్స్ మీద పడుతుంది. బరువు మోసే కింది బేరింగ్ ఒక్కటే లాక్ కావాలి. పై బేరింగ్ షాఫ్ట్ మీద టైట్‌గా, హౌసింగ్‌లో మాత్రం చేత్తో జారేలా ఉండాలి, పైన ఒకటి రెండు ఎంఎం ఖాళీ వదలాలి. అక్కడ 6204 బదులు 1204 పెడితే ఇంకా మంచిది, కొలతలు అవే, లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, మందం 14 ఎంఎం, కానీ రెండు డిగ్రీల దాకా వంకరని తట్టుకుంటది. దానికి సీలు ఉండదు కాబట్టి పైన మూత తప్పనిసరి.

కింది బేరింగ్ ఏడాదికే పోయింది

బరువుకి పోయిందనుకుని చాలామంది 51104 లాంటి థ్రస్ట్ బేరింగ్ (నిలువు బరువు మాత్రమే మోసేది) తెచ్చి ఇరికిస్తారు. వద్దు. 6204 స్టాటిక్ రేటింగ్ (తిరగకుండా ఉన్నప్పుడు మొయ్యగల బరువు) 650 కేజీల పైనే, అందులో నాలుగో వంతు నిలువు బరువు అనుకున్నా 160 కేజీలు, మన రోటర్ షాఫ్ట్‌తో కలిపి 25 కేజీలు. థ్రస్ట్ బేరింగ్ పక్క నుంచి వచ్చే తోపుడు మొయ్యదు, సీలు లేదు, వంకర అసలు ఓర్చుకోదు. విప్పి గ్రీజు చూడండి, ఎర్రగా టీ రంగులో ఉంటే వాన నీళ్ళు షాఫ్ట్ వెంట కారి దిగాయని. కింది బేరింగ్ ముఖం ఆకాశం వైపే కదా. షాఫ్ట్‌కి దాని పైన ఒక స్టీలు గిన్నె బోర్లించి, చిల్లు చుట్టూ సిలికాన్ పూసి గొడుగులా బిగించండి, సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు అయితే ఇది మొదటి రోజే చెయ్యండి.

గరగర, తిప్పితే గాట్లు తగులుతున్నాయి

నా మొదటి మరకి ఇదే జరిగింది. లేత్ షాపులో బయటి రింగు మీద సుత్తితో కొట్టి షాఫ్ట్‌కి ఎక్కించారు, నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నా, ఆ దెబ్బ బాల్స్ మీదుగా వెళ్ళి లోపల దారిలో గుంటలు పడ్డాయి. షాఫ్ట్‌కి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి సరిపడే పైపు ముక్క పెట్టి దాని మీదే కొట్టాలి, రాత్రంతా షాఫ్ట్‌ని ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెడితే ఇంకా సులువుగా దిగుతుంది.

గాట్లు బాల్స్ మధ్య దూరంలోనే వరసగా ఉంటే, ఎవరూ కొట్టలేదంటే, మరని తాడుతో కట్టేసి నెలలు వదిలేశారేమో గుర్తు తెచ్చుకోండి, కదలకుండా ఒకే చోట వణుకుతూ ఉంటే గ్రీజు పక్కకి పోయి ఇనుము ఇనుముని తింటుంది. జూన్‌లో నైరుతి గాలి మొదలయ్యేదాకా కట్టి ఉంచేవాళ్ళు వారానికోసారి నాలుగు చుట్లు తిప్పాలి. ఇంకోటి, బేరింగ్ బిగించాక ఫ్రేమ్ మీద వెల్డింగ్ చేస్తే ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే ముక్కకే తగిలించాలి, కరెంటు బేరింగ్‌లోంచి పోతే లోపల సన్నటి మచ్చలు పడతాయి, అప్పుడు మార్చడం తప్ప దారి లేదు.

షాఫ్ట్ మీద ఎర్రపొడి

లోపలి రింగు షాఫ్ట్ మీద జారుతోంది. నీళ్ళ పైపుని షాఫ్ట్‌గా వాడినవాళ్ళకి మామూలే, పైపు గుండ్రంగా ఉండదు. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించడం మూడు నెలల ముచ్చట. బ్రైట్ బార్ (నునుపు చేసిన గుండ్రటి ఉక్కు కడ్డీ) తెచ్చి లేత్ మీద టైట్ ఫిట్‌కి తిప్పించండి. కదలని ఇరుసు మీద కారు హబ్ తిరిగే డిజైన్ అయితే లెక్క తిరగబడుతుంది, బయటి రింగు టైట్‌గా ఉండాలి.

పెద్ద గాలికి టకటక

పైన ఆధారం లేకుండా రెండు బేరింగులూ రోటర్ కింద పెట్టినవాళ్ళ సమస్య ఇది. గంటకి 60 కిలోమీటర్ల గాలి ఈ రోటర్‌ని దాదాపు 18 కేజీల బలంతో నెడుతుంది, రోటర్ మధ్య భాగం పై బేరింగ్‌కి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, బేరింగుల మధ్య 15 సెంటీమీటర్లే వదిలితే పై బేరింగ్ మీద 90 కేజీలు పడుతుంది, దూరాన్ని 45 చేస్తే 42కి దిగుతుంది. వీలుంటే పైన కూడా ఫ్రేమ్ వేసి ఒక బేరింగ్ పెట్టండి. కొత్తగా బిగించిన మర మొదటి పెద్ద గాలి చూశాక అల్లెన్ కీ తీసుకుని మిద్దె ఎక్కి కింది బేరింగ్ గ్రబ్ స్క్రూలు (లోపలి రింగుని షాఫ్ట్ మీద పట్టి ఉంచే తల లేని చిన్న స్క్రూలు) మళ్ళీ బిగించండి, అవి ఆ ఒక్క రాత్రికే వదులవుతాయి.