చిన్న ఇంజన్ పిస్టన్ పనికి సరైన పనిముట్లు

ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్లో తుప్పలు కోసే యంత్రాలు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు పెరిగిన కొద్దీ పిస్టన్ పట్టేసిన ఇంజన్లు కూడా పెరిగాయి. వీటిలో చాలావరకు పెట్రోలులో ఆయిలు కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజన్లు కాబట్టి, ఆ ఆయిలు తగ్గితే పిస్టన్ గీతలు పడి సిలిండర్‌కు కరుచుకుపోతుంది. అయితే ఇలా పట్టేసి పాడైన ఇంజన్ల కంటే, విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్, సుత్తి వాడినందువల్ల పూర్తిగా చెడిపోయినవే నేను ఎక్కువగా చూశాను.

ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) నట్టు వదులు చేయాలంటే ముందుగా పిస్టన్ కదలకుండా నిలపాలి. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే పిస్టన్ తలకు చిల్లు పడవచ్చు. పిస్టన్ పైకి వచ్చి సైలెన్సర్ వైపు ద్వారాన్ని మూసిన తర్వాత, అదే రంధ్రంలోంచి మెత్తని నైలాన్ తాడును మడతలుగా లోపలికి పంపితే చాలు. ద్వారం తెరిచి ఉండగా పంపితే తాడు అందులో ఇరుక్కుని తెగుతుంది.

సిలిండర్ ఎత్తిన వెంటనే దాని కింద ఉండే క్రాంక్ కేసు (ఇంజన్ అడుగు పెట్టె) నోటిని నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో మూసివేయాలి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్నుకు రెండు వైపులా ఉండే లాకులు స్ప్రింగులా ఎగురుతాయి. ఒకటి లోపల పడితే ఇంజన్ మొత్తం విప్పవలసిందే. చెవులున్న లాకుకు సర్‌క్లిప్ ప్లేయర్, చెవులు లేని తీగ లాకుకు సన్నని కొక్కెం వాడాలి. తీసిన లాకు బిగువు కోల్పోతుంది కాబట్టి దానిని మళ్లీ పెట్టకూడదు. కొత్త లాకు తెరిచిన కొసలు పైకి గానీ కిందికి గానీ ఉండాలి.

పిన్ను బిగుతుగా ఉంటే సుత్తితో కొట్టడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఒకప్పుడు నేను తొందరపడి రెండు దెబ్బలు వేసినందుకు కనెక్టింగ్ రాడ్ కంటికి కనిపించనంతగా వంగింది. కొత్త పిస్టన్ కూడా ఒక పక్కే అరిగిపోయిన తర్వాత గానీ కారణం తెలియలేదు. పిన్ను పుల్లర్ లేకపోతే వేడినీళ్లలో ముంచిన గుడ్డను పిస్టన్ చుట్టూ కొంతసేపు ఉంచాలి. ఉక్కు పిన్ను కంటే అల్యూమినియం పిస్టన్ ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి చాలాసార్లు బొటనవేలి ఒత్తిడికే పిన్ను జారి వస్తుంది.

తర్వాత కొలతలు తీయాలి. మైక్రోమీటర్‌తో పిస్టన్ కింది అంచు దగ్గర, పిన్నుకు అడ్డంగా కొలవాలి. పిస్టన్ గాడిలో కూర్చునే కొత్త రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా నిలిపి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) చూడాలి. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) ప్రతి 25 మిల్లీమీటర్లకు సుమారు 0.1 మిల్లీమీటరు సందు సాధారణ లెక్క. కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. పోత ఇనుము సిలిండర్ అరిగితే లేత్ షాపులో బోరు పెంచి ఓవర్ సైజ్ పిస్టన్ వేయవచ్చు గానీ, లోపల పూత ఉన్న సిలిండర్‌ను రాయితో అరగదీయకూడదు.

రింగులను ఎక్స్‌పాండర్ అనే సాగదీసే పనిముట్టుతో అవసరమైనంతే విప్పి గాడిలోకి దించాలి. గోళ్లతో లాగితే మెలిక పడి విరుగుతాయి. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న మేకు ఉంటుంది. రింగు కొసలు రెండూ ఆ మేకుకు అటూ ఇటూ రాకపోతే అవి సిలిండర్ ద్వారంలో తగులుకుని విరుగుతాయి. తల మీద బాణం గుర్తు ఉంటే సాధారణంగా అది సైలెన్సర్ వైపుకు ఉండాలి. నీటి పంపుల ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో మేకు ఉండదు కాబట్టి రింగుల సందులను ఒకే వరుసలో రాకుండా తిప్పి, రింగు కంప్రెసర్‌తో నొక్కి లోపలికి దించాలి.

బోల్టులను టార్క్ రెంచితో (ఎంత బిగువో చూపే రెంచి), ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ప్లగ్గు పెట్టకముందే స్టార్టర్ తాడును చేత్తో నెమ్మదిగా లాగి చూడాలి. ఎక్కడైనా గరుకుగా తగిలితే ప్లగ్గు పెట్టకుండా సిలిండర్‌ను మళ్లీ ఎత్తాలి.