ఒప్పందం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

కిందటి పాఠంలో ఒప్పందం పీఠిక చదివాం. స్నేహం, సౌభ్రాతృత్వం, ఉమ్మడి సంస్కృతి లాంటి మాటల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాం. ఆ మాటల్లో ఏ ఒక్కటీ ఎవరితోనూ ఏ పనీ చేయించలేదని తేల్చుకున్నాం. ఈసారి వెతకాల్సింది ఒకే ఒక్క వాక్యం: నిర్ణయం ఎలా తీసుకుంటారో చెప్పే వాక్యం. తరచుగా అది చివర్లో, రెండు మూడు ముక్కల్లో ఉండి కంటికి ఆనకుండా జారిపోతుంది.

సార్క్ (దక్షిణాసియా దేశాల సహకార సంఘం) చార్టర్, అంటే దాని స్థాపన పత్రం, తెరవండి. 1985 డిసెంబర్ 8న ఢాకాలో ఏడు దేశాలు దీని మీద సంతకం పెట్టాయి. 2007లో ఎనిమిదో దేశంగా అఫ్గానిస్థాన్ చేరింది. మొత్తం పది అధికరణాలే, అరగంటలో అయిపోతుంది. నేరుగా పదో అధికరణానికి వెళ్లండి. అక్కడ రెండు ముక్కలున్నాయి. ఏ స్థాయిలోనైనా నిర్ణయాలు అందరి సమ్మతితోనే జరగాలి. ఇద్దరి మధ్య తగువులు, వివాదాస్పద విషయాలు చర్చకు రాకూడదు.

రెండింటినీ కలిపి చదవండి. తగువు గురించి మాట్లాడకూడదు. కానీ ఆ తగువు మనసులో పెట్టుకుని ఎవరైనా ‘వద్దు’ అంటే మిగతా ఏడుగురి పనీ ఆగిపోతుంది. అంటే గది బయట నిలబెట్టిన తగువుకే గది తాళం ఇచ్చారు. ఈ పాఠంలో మీరు పట్టుకోవాల్సిన మెలిక ఇదే.

ఇప్పుడు మూడో అధికరణానికి రండి. దేశాధినేతలు ఏడాదికి ఒకసారైనా కలవాలని అందులో ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టండి: 1985 నుంచి 2014 దాకా ముప్పై ఏళ్లు, జరిగిన శిఖరాగ్ర సమావేశాలు 18. పద్దెనిమిదోది 2014 నవంబర్‌లో ఖాఠ్మండూలో జరిగింది. తర్వాతది 2016లో ఇస్లామాబాద్‌లో జరగాలి. ఆ సెప్టెంబర్‌లో కశ్మీర్‌లోని ఉరి అనే ఊళ్లో సైనిక స్థావరం మీద దాడి జరిగాక భారత్ రానంది, బంగ్లాదేశ్, భూటాన్, అఫ్గానిస్థాన్ కూడా రామన్నాయి. సమావేశం రద్దయింది, ఇప్పటిదాకా మళ్లీ జరగలేదు. రాసుకున్న మాటకూ జరిగిన పనికీ మధ్య తేడాను ఇలా అంకెల్లో పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

అలాగని పదో అధికరణాన్ని తిట్టిపోయకండి. పుస్తకం అంచున ఒక ప్రశ్న రాసుకోండి: ఈ వాక్యం లేకపోతే ఎవరు సంతకం పెట్టేవారు కాదు? చిన్న దేశాలకు భారత్ పరిమాణం అంటే బెరుకు. పొరుగువాళ్లంతా ఒక్కటై తన మీద తీర్మానాలు చేస్తారేమోనని భారత్‌కు అనుమానం. ఇద్దరి భయానికీ ఒకే వాక్యం మందైంది. అది లేకపోతే సార్క్ పుట్టేదే కాదని నా అభిప్రాయం.

మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉండే మనకు వంశధార నది నీళ్ల తగువు కొత్త కాదు. 1962లో ఆంధ్ర, ఒడిశా ఆ నీళ్లు చెరి సగం అని రాసుకున్నాయి. 2006లో కాట్రగడ్డ దగ్గరి పనుల మీద ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు ఇచ్చింది. ఏళ్లు పట్టినా తగువు తీసుకెళ్లడానికి ఒక చోటుంది. రెండు రాష్ట్రాలకూ పైన రాజ్యాంగం ఉంది, చట్టం ఉంది. రెండు దేశాలకు పైన అలాంటిదేమీ సిద్ధంగా ఉండదు. వాళ్లే కూర్చుని రాసుకోవాలి, లేదా లేకుండానే బతకాలి.

రాసుకున్న సందర్భం ఒకటుంది: సింధు జలాల ఒప్పందం. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిగా నిలిచింది. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్థాన్‌కు. దీనిలో తగువుకు మెట్లున్నాయి. సందేహం వస్తే ముందు ఇరు దేశాల కమిషనర్లు కూర్చుంటారు. అక్కడ తేలకపోతే తటస్థ నిపుణుడు, అది కూడా దాటితే మధ్యవర్తిత్వ న్యాయస్థానం. కమిషనర్లు ఏడాదికి ఒకసారైనా కలిసి తీరాలి, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. మా చెరువు కింద ఇద్దరు దాయాదులకు ఏళ్ల తరబడి మాటల్లేవు. అయినా నీళ్ల వంతు తప్పలేదు, ఎందుకంటే తూము తీసేది మూడో మనిషి. ఆ ఒప్పందం 1965, 1971, 1999 పోరాటాలను దాటడం చూసినప్పుడు నాకు ఆ తూమే గుర్తొస్తుంది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని నిలుపుదలలో పెట్టింది. పన్నెండో అధికరణమేమో, ఇరు ప్రభుత్వాలూ ధ్రువీకరించిన మరో ఒప్పందంతోనే దీన్ని మార్చాలి లేదా ముగించాలి అంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మెట్లు ఎంత బాగా కట్టినా, ఎక్కనని ఒకరు కూర్చుంటే లేవదీసే చెయ్యి అందులో లేదు.

ఇంకో దారి కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. అందరూ రాకపోతే వచ్చినవాళ్లే నడవడం. సార్క్ మోటారు వాహనాల ఒప్పందం 2014లో ఖాఠ్మండూలో ఆగిపోయింది. మరుసటి ఏడాది జూన్‌లో థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ విడిగా అలాంటిదే రాసుకున్నాయి. అక్కడా చిక్కు వచ్చింది: భూటాన్ పార్లమెంటు ఎగువ సభ ఆమోదించలేదు. ఆగ్నేయాసియా దేశాల సంఘం ఆసియాన్ 2007 నాటి చార్టర్‌లో ఆర్థిక విషయాలకు ఇలాంటి వెసులుబాటు ముందే రాసిపెట్టుకుంది. కాకపోతే దాన్ని వాడటానికి కూడా అందరూ ఒప్పుకోవాలి.

అభ్యాసం: 1996 డిసెంబర్ 12న భారత్, బంగ్లాదేశ్ చేసుకున్న గంగా జలాల ఒప్పందం తీసుకోండి. పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర ప్రవాహం 70,000 క్యూసెక్కులు, అంతకంటే తక్కువ ఉంటే చెరి సగం అన్న చోటు వెతకండి. తర్వాత 50,000 కంటే తగ్గితే ఏం చేయాలన్న వాక్యం పట్టుకుని, అందులోని క్రియాపదాన్ని విడిగా రాసుకోండి. అది ‘ఇవ్వాలి’ అంటోందా, ‘సంప్రదించుకోవాలి’ అంటోందా? ఒప్పందం గడువు 30 ఏళ్లు. ఆ గడువు చెప్పే అధికరణం సంఖ్య కూడా నోట్‌బుక్‌లో ఉంచుకోండి, అయిదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.